నెగెటివ్ అంచుల్లో మేం

ముస్లింలంటే నవాబులే అంటారు. ఈ బొమ్మ ఎక్కడిది? ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీనదయాళ్ తీసిన హైదరాబాద్‌ని చూడండి. దర్బార్లు, మహళ్ళు, వేటాడిన పులులు. పరదా స్త్రీల కోసం ఆయన 1892లో జనానా స్టూడియో తెరిచాడు. దూదేకిన చేతులకు అక్కడ చోటెక్కడ?

ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 1989లో కొన్నది. నెగెటివ్ మారదు. ప్రింటు మారుతుంది. చీకటిగదిలో ఎన్‌లార్జర్ వెలుగుకు కాసేపు చెయ్యి అడ్డం పెడితే కాగితం మీద ఆ భాగం తేటపడుతుంది. ఇంకాస్త వెలుగు పడనిస్తే నల్లబడుతుంది. అంచులు కత్తిరించేదీ అక్కడే.

ఇన్నాళ్ళూ నవాబు ముఖానికే వెలుగు లెక్కగట్టారు. గుర్రం కళ్ళెం పట్టుకున్నవాడు, పంకా లాగినవాడు నీడలో మునిగిపోయారు. వాళ్ళ మతమేమిటో కాదు, పేరే ఎవరూ రాసుకోలేదు. వాళ్ళ ముఖాలు తేలేలా మేం మళ్ళీ ప్రింటు వేస్తాం. అంచులు కత్తిరించం.

అయితే ఒక మాట. గాజు మీద అసలు వెలుగే పడనిచోట ఏ మందునీళ్ళూ ముఖాన్ని తేల్చలేవు. అక్కడ లేని మనిషిని ఉన్నట్టు చూపిస్తే మేమూ అబద్ధమే ఆడినట్టు. ఆ చరిత్ర మా నానీల నోళ్ళలో ఉంది. వాళ్ళుండగానే రాసుకోవాలి.