సర్ క్రీక్: ఉప్పుటేరులో తేలని సరిహద్దు

గుజరాత్‌లోని కచ్ఛ్‌కు, పాకిస్థాన్‌లోని సింధ్‌కు మధ్య బురద నేలల్లో పారే ఉప్పుటేరు సర్ క్రీక్. పొడవు సుమారు 96 కిలోమీటర్లు. పూర్వం దీనిని బాణ గంగ అనేవారు. జనావాసాలు లేని ఈ పాయపై రెండు దేశాలకు ఇంత పట్టుదల ఎందుకంటే, సముద్రంలో సరిహద్దు గీతను దీని ముఖద్వారం నుంచే గీయాలి. ఆ బిందువు కొద్దిగా జరిగినా సముద్రంలో వేల చదరపు కిలోమీటర్లు అటో ఇటో అవుతాయి.

వివాదానికి మూలం 1914 నాటి బొంబాయి ప్రభుత్వ తీర్మానం. దానికి జతచేసిన పటంలో సరిహద్దును సూచించే ఆకుపచ్చ గీత తూర్పు గట్టున ఉంది కనుక పాయ అంతా తమదేనని పాకిస్థాన్ వాదన. 1925 నాటి పటం, పాతిన స్తంభాల ఆధారంగా సరిహద్దు పాయ మధ్యలోనే ఉందని భారత్ వాదన. నౌకలు తిరిగే జలాలకే నడిమి గీత సూత్రం వర్తిస్తుందని పాకిస్థాన్ అంటే, పోటు సమయంలో ఇక్కడ పడవలు తిరుగుతూనే ఉన్నాయని భారత్ బదులిస్తోంది. రాణ్ ఆఫ్ కచ్ఛ్‌పై 1968లో తీర్పు ఇచ్చిన ట్రైబ్యునల్ ఈ పాయను తన పరిధిలోకి తీసుకోలేదు. 2007లో ఉమ్మడి సర్వే జరిగింది. 2012 తరువాత చర్చలు ముందుకు సాగలేదు.

బంగాళాఖాతంలో మరోలా జరిగింది. 1970 తుపాను తరువాత బయటపడిన న్యూమూర్ దీవి భారత్, బంగ్లాదేశ్‌ల మధ్య వివాదమై, చివరకు సముద్రంలోనే కలిసిపోయింది. అక్కడి సరిహద్దును 2014లో మధ్యవర్తిత్వ మండలి ఖరారు చేసింది. సర్ క్రీక్‌ విషయంలో మూడో పక్షం ప్రమేయానికి భారత్ అంగీకరించదు.

సూరత్ మగ్గాలపై పనిచేసే తెలుగువారి గురించి తెలిసినంతగా, వేరావల్ మరపడవల్లో కూలికి వెళ్లే సిక్కోలు మత్స్యకారుల గురించి లోకానికి తెలియదు. తేలని గీత భారం పడేది వీరిపైనే. 2018 నవంబరులో వేరావల్ నుంచి వేటకు వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్థాన్ బలగాలకు చిక్కి కరాచీ జైలు పాలయ్యారు. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా మీదుగా స్వదేశం చేరారు. 2025లో విడుదలైన ‘తండేల్’ చలనచిత్రానికి ఈ ఉదంతమే ఆధారం. పడవ నాయకుడిని అక్కడ తండేల్ అంటారు.

ప్రత్యేక ఆర్థిక మండలిలో చేపల వేట ఉల్లంఘనలకు, దేశాల మధ్య వేరే ఒప్పందం లేనిదే, జైలు శిక్ష విధించరాదని ఐక్యరాజ్య సమితి సముద్ర చట్ట ఒడంబడిక 73వ అధికరణం చెబుతోంది. రెండు దేశాలూ దానిని ఆమోదించినవే. ఆచరణలో మాత్రం విడుదల దౌత్య సంబంధాల వేడిమిని బట్టే ఉంటోంది. 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న ఇరుదేశాలు ఖైదీల జాబితాలు మార్చుకుంటాయి. మత్స్యకారుల పేర్లు అందులో విడిగా ఉంటాయి.