లండనుకు వెళ్ళిన మన పనివాళ్ళు

మా వీధి చివర ఒకాయన ఉన్నాడు. ఏటికొప్పాక లక్కబొమ్మలు తెప్పించి అమ్ముతాడు, చిన్న లేతు మిషను మీద తాను కూడా బొంగరాలూ, కుంకుమభరిణెలూ చేస్తాడు. మొన్న సంక్రాంతికి ముందు నగరంలో జరిగిన ఒక హస్తకళల మేళాకు వెళ్ళి, చిక్కిన ముఖంతో తిరిగి వచ్చాడు. ద్వారం దగ్గరే కొట్టు ఇస్తామని అయిదు రోజుల అద్దె ముందుగానే పుచ్చుకున్నారట. తీరా వెళ్ళాక, తినుబండారాల వరుస వెనుక, జనరేటరు పక్కన చోటు చూపించారట. లేతు తీసుకువచ్చి జనం ముందు పని చేసి చూపమన్నారు, చూపించాడు. లోపలికి రావడానికి టిక్కెట్టు పెట్టారు, ఆ డబ్బు వాళ్ళదే. అమ్మకం అద్దెకు కూడా సరిపోలేదు. తిరిగి ఇస్తామన్న రవాణా ఖర్చు అడుగుదామంటే ఫోను ఎత్తే నాథుడు లేడు.

“గేటు మీద నా ఫొటో నిలువెత్తున వేశారు మాస్టారూ, నా కొట్టెక్కడో మాత్రం ఎవరికీ తెలియలేదు” అన్నాడు.

ఆ మాట వినగానే నాకు 1885 నాటి లండను గుర్తుకు వచ్చింది.

ఆ నగరంలోని రీజెంటు వీధిలో లిబర్టీ అనే పెద్ద అంగడి ఉండేది. తూర్పు దేశాల పట్టుబట్టలకు అది పెట్టింది పేరు. తన సరుకుకు మరింత గిరాకీ తేవాలన్న ఆలోచనతో ఆ అంగడి, 1885 చలికాలంలో, బాటర్‌సీ పార్కు దగ్గర ఆల్బర్ట్ పాలెస్ అనే భవనంలో ఒక ‘భారతీయ గ్రామం’ వెలయించింది. అందుకోసం మన దేశం నుంచి నలభై మందికి పైగా మనుషులను ఓడ ఎక్కించి తీసుకువెళ్ళారు. నేతగాళ్ళు, కుట్టుపనివారు, కొయ్య చెక్కేవారు, వారితో పాటు నాట్యకత్తెలు, గారడీవాళ్ళు, పాములవాళ్ళు. మగ్గమూ పాముబుట్టా ఒకే టిక్కెట్టు కిందికి వచ్చాయన్నమాట! ఆ ఏడు చలి తీవ్రంగా ఉంది. ఎండదేశపు మనుషులు వణికిపోయారు, నిర్వాహకులు ఆశించినంత జనమూ రాలేదు. ఒప్పందంలో రాసుకున్నది జరగలేదని ఆ పనివాళ్ళు మొరపెట్టుకున్నారు. లండనులో ఉన్న ఒక భారతీయ న్యాయవాది వారి పక్షాన నిలిచాడు. భాష రాని దేశంలో, చలిలో, చేతిలో చిల్లిగవ్వ లేకుండా ఒప్పందపు కాగితం పట్టుకుని తిరగడం ఎలా ఉంటుందో ఊహించుకోవలసిందే.

ఇది వ్యాపారుల నిర్వాకం. ఆ మరుసటి ఏడు ప్రభుత్వమే పూనుకుంది.

1886 మే 4న విక్టోరియా రాణి సౌత్ కెన్సింగ్టనులో ‘కలోనియల్ అండ్ ఇండియన్ ఎగ్జిబిషన్’ ప్రారంభించింది. గ్వాలియరు శిల్పులు చెక్కిన రాతి ద్వారం దాటి వెళితే ఒక రాజప్రాసాదం, దాని ముంగిట ముప్ఫై నలుగురు భారతీయ పనివాళ్ళు తమ తమ పనులు చేస్తూ కనబడేవారు. తరతరాలుగా కులవృత్తి చేసుకుంటున్న వారిని ఉన్నవారిని ఉన్నట్లుగా తీసుకువచ్చి కూర్చోబెట్టినట్లు ఆ ఏర్పాటు. అసలు సంగతి వేరు. వారిని సమకూర్చినవాడు ఆగ్రా సెంట్రల్ జైలు సూపరింటెండెంటు జాన్ టైలర్. చాలామంది ఆ జైలులో పని నేర్చిన ఖైదీలు. (ఆ మరుసటి ఏడు అబ్దుల్ కరీంను రాణి కొలువుకు పంపినవాడు కూడా ఈ టైలరే.)

ఇందులోని వంచన ఒక్క చూపరుల పట్లనే అనుకుంటే పొరపాటు. ఆ కాలంలో జైళ్ళలో చవకగా నేయించిన తివాచీలు బయటి నేతగాళ్ళ పొట్ట కొడుతున్నాయి. ఆ మాట అన్నది మరెవరో కాదు, భారతీయ కళలకు ఇంగ్లండులో పెద్ద ప్రచారకుడైన జార్జ్ బర్డ్‌వుడ్. ఆయన 1880లో వెలువరించిన గ్రంథంలో ఊరి వాకిట చక్రం తిప్పే కుమ్మరిని మురిపెంగా వర్ణించాడు. ఒకప్పుడు గొప్పగా ఉండిన మన మచిలీపట్నం తివాచీలు ఆంగ్లేయుల గిరాకీకి లొంగి చెడిపోయాయని వాపోయాడు కూడా. చివరకు లండనులో ఆ గ్రామీణ కళాకారుడి వేషం కట్టించింది జైలులో పని నేర్చినవారి చేత!

ఆ ప్రదర్శనను అయిదున్నర మిలియన్ల మంది, అంటే 55 లక్షల మంది చూశారు. ఖర్చులు పోను సుమారు 35 వేల పౌన్లు మిగిలింది.

ఆ పనివాళ్ళలో బక్షీరామ్ అనే ఆగ్రా కుమ్మరి ఒకడు. నూరేళ్ళు దాటిన వృద్ధుడని చెప్పేవారు. రుడాల్ఫ్ స్వోబోడా అనే ఆస్ట్రియా చిత్రకారుడు రాణి కోసం అతని బొమ్మ గీశాడు. తలపాగా కింద ముడతలు పడిన ఆ ముఖం చూస్తే కళ్ళు తిప్పుకోలేము. రాణిగారికి ఆ చిత్రాలు ఎంతగానో నచ్చి, మరిన్ని గీసుకు రమ్మని స్వోబోడాను మన దేశానికి పంపింది.

ఈ కథంతా మా బొమ్మలాయనకు చెప్పాను. లేతు మీది పుల్లకు ఆకుపచ్చ లక్క పట్టిస్తూ విన్నాడు. తరువాత లోపలికి వెళ్ళి ఒక నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. వచ్చే నెలలో మరో మేళా వాళ్ళు పిలిచారట. కొట్టు ఎక్కడ, కరెంటు ఎవరిది, దారి ఖర్చు ఏ తేదీకల్లా ఇస్తారు, ఇవన్నీ తెలుగులో రాసి పెట్టమన్నాడు. అద్దె సగమే ముందు ఇస్తాడట. తక్కిన సగం, కొట్టు కళ్ళతో చూశాక.

రాసి ఇచ్చాను.