ఆరోగ్య విద్యలో న్యాయమైన మూల్యాంకనము: ఒక చారిత్రక పరిశీలన

రోగి మంచము చుట్టూ వైద్యుడు, నర్సు, ఫిజియోథెరపిస్టు కలిసి పనిచేస్తారు. వేర్వేరు వృత్తులవారు కలిసి నేర్చుకొన్నప్పుడు ఒక్కొక్కరిని న్యాయముగా అంచనా వేయుట ఎలాగు? కాప్రా వంటి ప్రాంతముల సంఘములలో ఈ కోర్సులు చదివే యౌవనస్థులు ఉన్నారు గనుక ఈ ప్రశ్న కాపరులకు కూడ సంబంధించినదే.

మొదట మిషనరీ కాలమును చూద్దాము. వేలూరులో డా. ఐడా స్కడ్డర్ 1909లో నర్సుల పాఠశాలను, 1918లో స్త్రీల వైద్య పాఠశాలను ప్రారంభించారు. వైద్య విద్యార్థినులు మద్రాసు ప్రెసిడెన్సీలో పురుషులు వ్రాసే ప్రభుత్వ పరీక్షనే వ్రాశారు. 1922లో మొదటి తరగతివారు 14 మంది ఉత్తీర్ణులయ్యారు. స్త్రీల సామర్థ్యమును శంకించినవారికి అదే జవాబు. అందరికీ ఒకే ప్రశ్నపత్రము, బయటి పరీక్షకులు: న్యాయమునకు ఇది మొదటి మెట్టు. సెరంపూర్ సెనేట్ పరీక్షలు వ్రాసిన మనకు దీని విలువ తెలుసు.

తెలుగు నేలపై వైద్య కళాశాలలు పూర్వము ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయముల క్రింద ఉండేవి. 1986లో విజయవాడ కేంద్రముగా ఏర్పడిన ఆరోగ్య విశ్వవిద్యాలయము వైద్య, దంత, నర్సింగ్ కళాశాలలను ఒకే గొడుగు క్రిందికి తెచ్చింది. తెలంగాణలో నేడు ఆ బాధ్యత వరంగల్లులోని కాళోజీ నారాయణరావు విశ్వవిద్యాలయముది. గొడుగు ఒకటే అయినను, పరీక్షలు ఎవరి వృత్తికి వారివే.

ఒకే వృత్తివారికి ఒకే కొలత న్యాయము. వేర్వేరు వృత్తులవారికి అదే కొలత అన్యాయము కావచ్చును. రోగ నిర్ధారణలో వైద్య విద్యార్థితో నర్సింగ్ విద్యార్థిని పోల్చరాదు. బృందమంతటికీ ఒకే మార్కు వేస్తే, మౌనముగా కష్టపడినవారును పని తప్పించుకొన్నవారును సమానులవుతారు.

1975లో స్కాట్లాండులోని డండీలో రోనాల్డ్ హార్డెన్ ఒక క్రొత్త పరీక్షా విధానమును ప్రకటించారు. విద్యార్థులందరూ వరుసగా అవే బల్లల యొద్దకు వెళ్లి, అదే పనిని అదే వ్యవధిలో చేస్తారు. పరీక్షకుడు ముందే వ్రాసిన పట్టిక ప్రకారము మార్కులు వేస్తాడు. ఇక 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక వివిధ వృత్తుల విద్యార్థులు కలిసి నేర్చుకొనుటను సమర్థించింది.

ఈ రెంటినీ కలిపి చూచినయెడల మూడు నియమములు తేలుతాయి. కొలతలను విద్యార్థికి ముందే తెలియజేయాలి. వృత్తి నైపుణ్యమును ఆ వృత్తివారే పరీక్షించాలి. వినుట, సమాచారము అందించుట, ఇతరుల మాటను గౌరవించుట వంటి ఉమ్మడి గుణములను ఒకరికంటె ఎక్కువమంది, వేర్వేరు వృత్తులవారు, పలుమార్లు గమనించి నిర్ణయించాలి.

వేదాంత విద్యార్థుల ఆసుపత్రి పరిచర్యపై నివేదిక వ్రాసే కాపరికి కూడ ఈ నియమములే వర్తిస్తాయి. నర్సు చూచినది కాపరి చూడకపోవచ్చును. ఆమె సాక్ష్యము కూడ అడిగి తీసుకొన్న తరువాతనే మార్కు వేయుట న్యాయము.