ముగ్గురు రాశారు, ముగ్గురూ ఫెయిల్

మొన్న మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, నా స్కోరుకి రెండేళ్ళు దాటిపోయాయి, మళ్ళీ రాయాలంట" అని. నాలుగేళ్ళు ఇంజనీరింగు ఇంగ్లీషులోనే వెలగబెట్టాడు, రోజూ క్లయింటుతో ఇంగ్లీషులోనే తిట్లు తింటాడు. అయినా సరే, ఇంగ్లీషొచ్చని ఇంకోసారి డబ్బు కట్టి నిరూపించుకోవాలి. అసలీ వ్యవహారం ఎక్కడ మొదలైందా అని తవ్వుకుంటూ పోతే కేంబ్రిడ్జిలో తేలాను.

1858లో కేంబ్రిడ్జి యూనివర్సిటీ బయటి స్కూళ్ళ పిల్లలకి పరీక్షలు పెట్టడానికి ఒక సిండికేట్ వేసింది. (మనకి సిండికేట్ అంటే బ్రాందీ షాపుల వేలంపాటే గుర్తొస్తుంది. అక్కడ యూనివర్సిటీ కమిటీని అలా అంటారు.) పాఠాలు చెప్పని డిపార్ట్‌మెంట్ అన్నమాట. దాని పనల్లా పరీక్షలే.

ఆ సిండికేటే 1913లో విదేశీయుల కోసం ఇంగ్లీషు ప్రొఫిషియెన్సీ పరీక్ష మొదలెట్టింది. ముఖ్యంగా తమ దేశాల్లో ఇంగ్లీషు చెప్పాలనుకునే టీచర్ల కోసం. మొత్తం పన్నెండు గంటల పరీక్ష! ఫ్రెంచి లేదా జర్మన్ నుంచి అనువాదం, మళ్ళీ వాటిలోకి అనువాదం, గ్రామరు, సాహిత్యం, ఫొనెటిక్స్, వ్యాసం, డిక్టేషన్, చదివి వినిపించడం, మాట్లాడటం. ఫీజు 3 పౌండ్లు. రాసింది ముగ్గురు. ముగ్గురూ తప్పారు. తలా మూడు చొప్పున మొదటి ఏడాది వసూలు 9 పౌండ్లన్నమాట :)

తర్వాత పదిహేనేళ్ళకి కూడా ఏడాదికి పదిహేను మంది దొరకడం గగనంగానే ఉండేది. మూసేద్దామా అన్నంతవరకూ వచ్చింది. మన కంపెనీల్లో అయితే రెండో క్వార్టర్లోనే ప్రాజెక్టు ఎత్తేసి అందర్నీ బెంచ్ మీద కూర్చోబెట్టేవాళ్ళు.

దాన్ని నిలబెట్టినవాడు జాక్ రోచ్ అనే ఉద్యోగి. 1932లో ఫొనెటిక్స్ పేపరు తీసేశారు, అనువాదానికి ఇంకొన్ని భాషలు చేర్చారు. కానీ నాకు అసలు మలుపు అనిపించింది ఇవేవీ కావు. 1937లో కేంబ్రిడ్జి, మరుసటేడాది ఆక్స్‌ఫర్డు, తమ దగ్గర చేరడానికి కావలసిన ఇంగ్లీషుకి ఈ సర్టిఫికెట్టు చాలని ఒప్పుకున్నాయి. పరీక్ష పెట్టేదీ యూనివర్సిటీయే, గేటు దగ్గర నిలబడి సర్టిఫికెట్టు అడిగేదీ యూనివర్సిటీయే! మన భాషలో చెప్పాలంటే, యూజర్లు ఫీచర్లు చూసి రాలేదు, డిపెండెన్సీ అయి కూర్చుంది కాబట్టి వచ్చారు.

అమెరికాలో 1964లో టోఫెల్ వచ్చింది, కథ దాదాపు ఇదే. 1989లో కేంబ్రిడ్జి, బ్రిటిష్ కౌన్సిల్, ఆస్ట్రేలియా వాళ్ళ ఐడీపీ కలిసి ఐఈఎల్‌టీఎస్ తెచ్చాయి. యూనివర్సిటీలకి తోడు వీసా ఆఫీసులు కూడా స్కోరు అడగడం మొదలెట్టాక ఇంక ఆగలేదు. 2018లో ఏడాదికి 35 లక్షల పరీక్షలు దాటాయి. ముగ్గురెక్కడ, 35 లక్షలెక్కడ!

2021లో ఇంకో ముచ్చట జరిగింది. ఇండియాలో బ్రిటిష్ కౌన్సిల్ నడిపే ఐఈఎల్‌టీఎస్ వ్యాపారాన్ని ఐడీపీ 13 కోట్ల పౌండ్లకి కొనేసింది. పరీక్షని కాదు, ప్రశ్నల్నీ కాదు, ఇక్కడ దాన్ని నిర్వహించే వ్యాపారాన్ని మాత్రమే. అంటే అంత డబ్బు పోసి కొన్నది మన గుంటూరు, కరీంనగర్, జలంధర్ పిల్లలు రాబోయే ఏళ్ళలో కట్టబోయే ఫీజుల్నే కదా.

న్యాయంగా చెప్పాలంటే, స్పీకింగ్‌కి ఎదురుగా మనిషిని కూర్చోబెట్టాలి, వ్యాసాలు దిద్దాలి, ఊరికే అవ్వవు. వాడకపోతే భాష తుప్పుపడుతుందన్న మాటా నిజమే. కానీ రోజూ వాడేవాడికీ అదే రెండేళ్ళా? ఇది భాషాశాస్త్రమా, బిల్లింగ్ సైకిలా?

మా తమ్ముడికి ఇదంతా చెప్తే, "అన్నయ్యా, హిస్టరీ తర్వాత, కార్డు ఓటీపీ చెప్పు ముందు" అన్నాడు. చెప్పాను.