టేబులు, పట్టిక, పలక

ఏడవ తరగతి వారిచేత గణితంలో ఒక పట్టిక పూర్తి చేయిస్తుండగా ఒక బాలుడు లేచి ప్రశ్నించాడు. "టేబులంటే బల్ల అని ఇంగ్లీషు పాఠంలో చెప్పారు. లెక్కల పుస్తకంలో ఈ గీతలను కూడా టేబులే అంటున్నారు. గీతలకూ బల్లకూ ఏం సంబంధం సార్?" అప్పటికి నాకు సమాధానం తోచలేదు. ఇంటికి వచ్చి నిఘంటువులు తిరగవేశాను. తెలిసినదంతా మరునాడు వారికి చెప్పాను. ఇక్కడ వ్రాస్తున్నది కూడా అదే.

లాటిన్ భాషలో 'తబులా' అనగా చెక్క పలక. రోమన్ బాలురు మైనం పూసిన చెక్క పలకపై మొనదేలిన పుల్లతో వ్రాసేవారు. పుల్ల రెండవ కొన చదునుగా ఉండేది. దానితో మైనాన్ని సరిచేస్తే పలక మళ్ళీ వ్రాతకు సిద్ధమయ్యేది. క్రీ.పూ. 450 ప్రాంతంలో రోమన్లు తమ చట్టాలను పన్నెండు ఫలకాలపై వ్రాయించారు. కనుకనే అవి 'పన్నెండు టేబుళ్ళు' అని పేరు పొందాయి. లెక్కలు, జాబితాలు కూడా పలకలపైనే ఉండేవి. కాలక్రమంలో పలక పేరే దానిపై వ్రాసిన వరుసలకు స్థిరపడింది. ఈ మాట ఫ్రెంచి ద్వారా బలపడి ఇంగ్లీషులో వ్యాపించింది. అంతకు పూర్వం ఆంగ్లేయులు భోజనపు బల్లను 'బోర్డు' అనేవారు. వసతితో పాటు భోజనం పెట్టడాన్ని నేటికీ బోర్డింగ్ అనడం ఆ పాత అర్థపు అవశేషమే.

ఇప్పుడు మన వైపు చూద్దాము. 'పట్టిక' సంస్కృత పదం. 'పట్ట' అనగా వ్రాయదగిన పలక, రేకు, గుడ్డ. భూమికి ఇచ్చే పట్టా కూడా ఈ కుటుంబానిదే. 'ఫలకం' నుండి మన పలక వచ్చింది. అనగా రోములో చెక్కముక్క నడిచిన దారినే మన దేశంలో పట్టిక కూడా నడిచింది. రెండూ వ్రాసే వస్తువుగా పుట్టి, వ్రాత క్రమానికి పేర్లయ్యాయి. ఇవి ఒకదానికొకటి అనువాదాలు కావు. ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లల ముఖాలలో కనబడిన వెలుగు నాకు బహుమానంగా తోచింది.

పట్టిక లోపలి మాటలు మరింత రుచికరమైనవి. కాలమ్ అనగా లాటిన్‌లో స్తంభం. పుటలో నిలువుగా సాగిన వ్రాతను స్తంభంతో పోల్చారు. హిందీలోనూ 'స్తంభ్' అనే అంటారు. మన పిల్లలకు మాత్రం ఈ 'కాలమ్' గడియారపు కాలంగా వినిపిస్తుంది. 'ఖాళీ కాలమ్ పూరించుము' అంటే తీరిక వేళ చేసే పని అనుకున్న పిల్లవాడిని నేనెరుగుదును! 'రో' మాత్రం లాటిన్ నుండి రాలేదు, ప్రాచీన ఇంగ్లీషు పదమే. 'సెల్' అనగా చిన్న గది. సన్యాసి గదికీ, తేనెపట్టు గదికీ అదే పేరు. 1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినిలో బెండుముక్కను చూసి, అందులోని అరలకు కూడా ఈ పేరే పెట్టాడు. మనకు ఆ స్థానంలో 'గడి' ఉంది. పులిమేక ఆటలో, వైకుంఠపాళిలో పిల్లలు ఎరిగినదే. అయితే కర్ణాటకలోని మన పిల్లలకు ఒక చిక్కు ఉన్నది. కన్నడంలో గడి అంటే సరిహద్దు. అక్కడి ఉపాధ్యాయులు గమనించవలెను.

ఇంగ్లీషువారు గుణకారాన్ని కూడా టేబుల్ అంటారు. అది కంటికి కనబడే గళ్ళ అమరిక. మన ఎక్కాలు అలా కాదు, నోటితో వల్లించేవి. తమిళంలో 'వాయ్‌ప్పాడు' అంటారు. వాయ్ అంటే నోరు. ఈ విషయంలో తెలుగు, తమిళ బాలలు ఒకే బాటలో ఉన్నారు.

ఇంత చిన్న గీతల చట్రం లోకాన్నే మార్చింది. 1614లో నేపియర్ సంవర్గమాన పట్టికలు ప్రచురించాడు. అటువంటి పట్టికలు చేతితో లెక్కించే మనుషులనే ఆనాడు 'కంప్యూటర్లు' అనేవారు. 1821లో ఖగోళ పట్టికలలోని తప్పులకు విసిగిన చార్లెస్ బాబేజ్, వాటిని యంత్రంచేత లెక్కించి ముద్రించాలని తలపెట్టాడు. ఆ యంత్రం పూర్తికాలేదు. అమెరికాలో 1890 జనగణనకు హెర్మన్ హొలెరిత్ రంధ్రాల కార్డులతో పట్టికలు కట్టే యంత్రాన్ని వాడారు. ఆయన సంస్థ 1911లో ఇతర సంస్థలతో కలిసి, 1924లో ఐబీఎం అయింది. నేడు పిల్లల చేతిలోని ట్యాబ్లెట్ పేరు చూడండి, 'చిన్న పలక' అనే అర్థం! పలకా బలపం వద్దన్నవారే దానిని కొనిస్తున్నారు.

జనగణన అన్నాను గనుక ఒక మాట. 2011 లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పినవారు సుమారు 42 లక్షలు. ఆ సంఖ్య ఒక గడిలో వ్రాసిన జవాబుల మొత్తం. బడిలో చేర్చేటప్పుడు మాతృభాష అనే గడి ఉంటుంది. ఇంట తెలుగే మాట్లాడే తల్లిదండ్రులు 'ఏదో ఒకటి వ్రాసుకోండి సార్' అనడం నేను పలుమార్లు విన్నాను. ఆ ఏదో ఒకటి తెలుగు కాకపోతే ఆ బిడ్డ తెలుగు తరగతి లెక్కలోకి రాడు. తరగతిలో సంఖ్య తగ్గితే ఉపాధ్యాయ పదవి నిలవడం కష్టం.

మరునాడు పిల్లలచేత మూడు నిలువు వరుసల పట్టిక గీయించాను. ఇంటి మాట, బడి మాట, ఇంగ్లీషు మాట. బల్ల, పలక, గడి వరకు చకచకా నింపారు. 'వరుస' దగ్గర ఒక బాలిక ఆగి, మేనమామ వరుస కూడా ఇదేనా అని అడిగింది. అవునన్నాను. కాలమ్‌కు ఇంటి మాట మాత్రం ఎవరికీ తోచలేదు. ఆ గడిని ఖాళీగా విడిచి, అవ్వను అడిగి వస్తామన్నారు.