యంత్రం ఆపేదెప్పుడు? – వైద్యనియమాల చరిత్ర

శ్వాస ఆగిపోతున్న మనిషిని యంత్రంతో బ్రతికించడం ఇటీవలి విద్య. 1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించింది. బ్యోర్న్ ఇబ్సెన్ అనే వైద్యుడు రోగుల శ్వాసనాళంలో గొట్టం అమర్చి, వైద్యవిద్యార్థులచేత రాత్రింబవళ్లు చేతితో గాలి కొట్టించాడు. ఎందరో బ్రతికారు. పిమ్మట ఆ చేతుల స్థానంలో యంత్రం వచ్చింది.

యంత్రంతోపాటు ఒక చిక్కుప్రశ్న కూడ వచ్చింది. రోగం నయమయ్యే ఆశ బొత్తిగా లేనప్పుడు యంత్రం మరణాన్ని వాయిదా వేస్తుందే గాని ఆరోగ్యాన్ని ఇవ్వలేదు. అప్పుడు దానిని ఆపవచ్చునా? ఆపితే వైద్యుడు నేరస్థుడగునా?

మన దేశంలో 1994 నాటి అవయవమార్పిడి చట్టం మెదడు కాండం పనిచేయకపోవడాన్ని మరణంగా గుర్తించింది. మెదడు పనిచేస్తూ ఉన్నవారి విషయం తేలలేదు. 2004 డిసెంబరులో హైదరాబాదులో ఇదే ప్రశ్న ఎదురైంది. కండరాల క్షీణవ్యాధితో బాధపడుతున్న 25 ఏండ్ల చదరంగపు ఆటగాడు, తన అవయవాలు చెడకముందే దానం చేయగోరాడు. చట్టం ఒప్పదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అనుమతి నిరాకరించింది. కొద్ది కాలంలోనే అతడు మరణించాడు.

2005లో భారతీయ తీవ్రచికిత్సా వైద్యుల సంఘం ఈ విషయమై వైద్యులకు మార్గసూచనలు వెలువరించింది. కాని వృత్తిసంఘం మాటకు చట్టబలం లేదు. 2011లో అరుణా శాన్‌బాగ్ కేసులో సుప్రీంకోర్టు, హైకోర్టు అనుమతిపై చికిత్స ఆపవచ్చునని చెప్పింది. 2018 మార్చి 9న ముందస్తు మరణశాసనాన్ని, అనగా స్పృహలో ఉండగానే తన చికిత్స గూర్చి వ్రాసిపెట్టే పత్రాన్ని, అంగీకరించింది. ఆ పద్ధతి కష్టతరం కాగా 2023లో సులభం చేసింది. ఇప్పుడు ఆ పత్రానికి ఇద్దరు సాక్షులు, నోటరీ లేక గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలును. ఆసుపత్రిలో ముగ్గురేసి వైద్యులతో రెండు మండలులు ఒకదాని తరువాత ఒకటి పరిశీలిస్తాయి. ఒక్క వైద్యుని ఇష్టానికి తావులేదు.

ఇక్కడ రెండు భేదాలు గుర్తుంచుకోవాలి. విషపు సూదిమందుతో ప్రాణం తీయడం నేటికీ నేరమే. నిష్ఫలమైన యంత్రాన్ని తొలగించి రోగాన్ని తన దారిన పోనివ్వడం వేరు. అట్లే యంత్రం ఆపడమంటే సేవ ఆపడం కాదు. నొప్పి, ఆయాసం తగ్గించే ఉపశమన చికిత్స చివరి శ్వాసవరకు సాగాలి. 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ నెలకొల్పిన సెయింట్ క్రిస్టఫర్ ఆశ్రమం ఈ విద్యకు దారిచూపింది.

నల్లమల అంచున ఉన్న బల్మూరు వంటి ఊరినుండి రోగిని హైదరాబాదుకు తీసుకుపోయే కుటుంబానికి ఈ నియమాలు దూరపు సంగతులు కావు. నయమయ్యే ఆశ ఎంత, యంత్రం వలన లాభమేమి, బాధ తగ్గే దారి ఏది – ఈ మూడు ప్రశ్నలు వైద్యుని అడిగే హక్కు వారికి కలదు; విప్పి చెప్పే బాధ్యత వైద్యునిది.