నిర్వహణశాస్త్ర చరిత్రము: మగ్గము నేర్పిన పాఠము

మన పెద్దలు వృత్తిని గాని వర్తకమును గాని కళాశాలలయందు నేర్చినవారు కారు. తండ్రి ప్రక్కన మగ్గపుగుంటలోఁ గాలు మోపుటయే వారికి విద్యారంభము. సావుకారు కొట్టులో పద్దులు వ్రాయుటయే పరీక్ష. అట్టివారి సంతతి నేఁడు మేనేజిమెంటు అను పేర నొక శాస్త్రమును విశ్వవిద్యాలయములలోఁ జదువుచున్నది. పనిని పంచుకొనుట, ఒకరి యాజ్ఞ నొకరు పాటించుట, లెక్క యప్పగించుట యనునవి గ్రంథముల కెక్కి పరీక్షావిషయములు ఎట్లయ్యెను? ఆ చదువువలన మన బిడ్డలకును మన సంఘములకును మేలు గలుగునా? వీనికి సమాధానము ఆ శాస్త్రచరిత్రమునందే కలదని తలంచి, దానిని సంగ్రహముగా సంఘీయుల యెదుట నుంచుచున్నాము.

పూర్వము పాశ్చాత్యదేశములందును యువకులు వర్తకుల కార్యాలయములలో ఉమేదువారీ చేసియే వ్యాపారము నేర్చుచుండిరి. మహాయంత్రశాలలు వెలసిన పిమ్మట నా పద్ధతి చాలదని అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమునందలి లోహపరిశ్రమాధిపతి జోసెఫ్ వార్టన్ గ్రహించెను. ఆయన 1881లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునకు లక్ష డాలర్లు విరాళ మొసఁగి వ్యాపారవిద్యాలయమును నెలకొల్పించెను. 1908లో హార్వర్డు విశ్వవిద్యాలయము నట్టి విద్యాలయమును దెఱచెను. ఒక దాత యీవి కారణముగా నీ విద్య యచ్చట పాదుకొనెనని మన పోషకులు గమనింతురుగాక.

విద్యాలయము లేర్పడినను బోధింపఁదగిన సిద్ధాంతము వేఱుగాఁ బుట్టవలసివచ్చెను. ఫ్రెడరిక్ టేలర్ అను ఇంజనీరు 1911లో శాస్త్రీయ నిర్వహణమును గూర్చి గ్రంథము ప్రకటించెను. పనిని చిన్నచిన్న చేష్టలుగా విభజించి, గడియారముతోఁ గొలిచి, ఉత్తమపద్ధతిని అధికారి నిర్ణయింపవలెననియు, పనివాఁడు దానిని తుచ తప్పక యనుసరింపవలెననియు నాతని మతము. బెత్లెహేము ఉక్కుకర్మాగారములో దినమునకు పండ్రెండున్నర టన్నుల ఇనుము మోయువానిచే నలువదియేడు టన్నులు మోయించితిమనియు, కూలి యించుమించు నూటికి అఱువది వంతున హెచ్చించితిమనియు నాతఁడు వ్రాసెను. ఆ కథలోని వివరములను తరువాతి పరిశోధకులు శంకించిరి. గ్రంథము వెలువడిన 1911లోనే వాటర్‌టౌన్ ప్రభుత్వాయుధశాల పనివారు గడియారపు కొలతను నిరసించి సమ్మె కట్టిరి; అమెరికా శాసనసభ విచారణసంఘమును నియమించెను. ఆలోచన యొకనిది, చేఁత యొకనిది యను నీ విభజనము న్యాయమా యను వివాద మానాఁటినుండి యీ శాస్త్రమును విడువలేదు.

ఫ్రాన్సుదేశపు గనుల ఇంజనీరు హెన్రీ ఫేయోల్ 1916లో పదునాలుగు నిర్వహణసూత్రములను ప్రకటించెను. షికాగో సమీపమున హాథార్న్ కర్మాగారములో 1924 మొదలు 1932 వఱకు జరిగిన పరీక్షలు మఱియొక త్రోవ చూపెను. వెలుతురు, విశ్రాంతి మున్నగువాని ప్రభావమును గొలువఁబూనినవారికి, పనివారి పరస్పరస్నేహమును, తమ్ము నొకరు గమనించుచున్నారను భావమును గూడ పనిని ప్రభావితము చేయునని తోఁచెను. ఆ ఫలితములపై నిప్పటికిని వాదములు కలవు. ఐనను మనుష్యుఁడు యంత్రాంగము కాఁడను మాట పాఠ్యగ్రంథముల కెక్కెను.

ఈ మాటకు మన దేశమున దొరకిన నిదర్శనము మగ్గమునకు సంబంధించినదే. అహమ్మదాబాదులోని కాలికో మిల్లు స్వయంచాలక మగ్గములను దెచ్చినను ఆశించిన యుత్పత్తి రాలేదు. 1953లో లండను టావిస్టాక్ సంస్థకుఁ జెందిన ఏ. కె. రైస్ దానిని పరిశీలించెను. 224 మగ్గములున్న సాలలోఁ బని పండ్రెండు విధములుగా విభజింపఁబడియుండెను. నేయువాని మగ్గముల లెక్క వేఱు, కండెలు నింపువాని లెక్క వేఱు, తెగిన పోగులు సరిచేయువాని లెక్క వేఱు. అందుచేత ఎవఁడెవనితోఁ గలిసి పనిచేయుచున్నాఁడో తెలియకుండెను. కొన్ని మగ్గముల పూర్తిభారమును ఒక చిన్నజట్టున కప్పగింపవచ్చునని సూచింపఁగనే, పనివారే జట్లుగా నేర్పడిరి. ఉత్పత్తి పెరిగెను, చెడిన గుడ్డ తగ్గెను. 1970లో మరల పరిశీలింపఁగా, ఆ పద్ధతి కొన్నిచోట్ల సడలినను ఒక సాలలో నిలిచియుండెను.

ఈ వృత్తాంతము చదువునపుడు మన నేఁత యిండ్లు జ్ఞప్తికి రాకమానవు. ఆసు పోయుట, కండెలు చుట్టుట, గంజి పెట్టుట, నేయుట యనునవి యొకే కుటుంబము కలిసి చేయు పనులు. ఏ పోగు తెగినను అందఱ కదియే చింత. కాని యింతమాత్రమునకే మనము గర్వింపరాదు. ఆ యింటిలోఁ గండెలు చుట్టిన స్త్రీల పనికిఁ గూలిలెక్క యెచ్చట వ్రాసితిమి? లెక్కలు పెద్దవాని యొక్కని మనసులోనే యుండిన, అతని వెనుక ఋణ మెంతయో కొడుకునకుఁ దెలియుట యెట్లు? కలిసి పనిచేయుట మనకుఁ దెలియును; వ్రాసి, చూపి, యడిగినవారికి బదులు చెప్పుట యిఁక నేర్వవలసియున్నది.

నేర్చుటకుఁ దావులు కొఱవడలేదు. హైదరాబాదులో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి 1956లో వెలసెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1957లో వ్యాపారనిర్వహణమున పట్టభద్రానంతర విద్యను బ్రారంభించెను. 1961లో కలకత్తా, అహమ్మదాబాదులలో జాతీయ నిర్వహణవిద్యాసంస్థలు స్థాపింపఁబడెను. 2015లో విశాఖపట్టణమున కట్టి సంస్థయే వచ్చెను. సహకారచట్టములు 1904, 1912 సంవత్సరములలోనే పుట్టినవి. చట్ట ముండియు, సరకు ఉండియు, లెక్క చూపువారు లేక చెడిన సంఘము సంఘమన నేల?

కావున సంఘీయులకు మా విన్నపము రెండు మాటలు. ఈ శాస్త్రమును జదువఁబోవు బాలబాలికలకు టేలరు గడియారముతోపాటు వాటర్‌టౌన్ సమ్మెను, అహమ్మదాబాదు జట్లను గూడ నెఱుఁగఁజెప్పుఁడు. ఆజ్ఞాపించుటయే నిర్వహణమని వారు భ్రమపడకుందురుగాక. పోషకమహాశయులు వార్టన్ వలె లక్షల నీయనక్కఱలేదు. ఈ విద్య నభ్యసించు పేదవిద్యార్థి కొక్కనికి వేతన మేర్పఱచి, చదువు ముగిసిన పిదప నొక్కయేఁడు మన సహకారసంఘపు లెక్కలు చూచునట్లు నియమించినచో, ఆ విద్యార్థికిని సంఘమునకును మేలు చేకూరును.